రెండో ఆంప్యూల్

ఎర్నాకుళం పాసింజర్ చాలకుడి స్టేషన్లో ఆగింది. డాక్టర్ వాసుదేవ నంబీశన్ కిటికీలోంచి చెయ్యి చాపి టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. రెండో గుక్క నోట్లో ఉండగానే ఆగిపోయాడు. జీవితమంతా మందులు రుచి చూసిన నాలుక అది. టీలో ఏం కలిసిందో, తనకి ఎంత వ్యవధి మిగిలిందో వెంటనే అర్థమైపోయింది.

ఆయన అరవలేదు. ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా తీసి ఎదుటి సీట్లో కూచున్న నన్ చేతిలో పెట్టాడు.

"సిస్టర్, ఎర్నాకుళంలో ఈపన్ అని నా స్నేహితుడొస్తాడు. బట్టతల మనిషి, చంకలో కొబ్బరిపీచు చాప ఉంటుంది. ఇది ఆయనకివ్వండి. ఊరగాయ. మూత మాత్రం తియ్యొద్దు."

"మీ ఒంట్లో బాగానే ఉందా?"

"కాస్త నిద్రొస్తోంది సిస్టర్," అని నంబీశన్ తల ఊచలకి ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద టీ కెటిల్ ఒక్కటే మిగిలింది, టీవాడు లేడు. పొయ్యి ఆర్పకుండా, చిల్లర అడగకుండా కెటిల్ వదిలేసి పోయే టీవాడు కేరళలో ఇంతవరకు పుట్టలేదు.

* * *

ఎర్నాకుళం బ్రాడ్‌వేలో కొబ్బరిపీచు చాపలమ్మే కొట్టు ఒకటుంది. కొట్టు వెనక గోదాము. గోదాములో చాపల కట్టల వెనక మేజర్ ఈపన్ ఆఫీసు. ఆ ఆఫీసు సంగతి ఢిల్లీలో కొందరికి తెలుసు, ఆ వీధిలో ఎవరికీ తెలీదు.

"కూచో, సేతూ."

సేతు మారార్ కూచున్నాడు. డిపార్ట్‌మెంటులో అతని కోడ్‌నేమ్ 'కోల'. చెండ అనే డోలు వాయించే కర్ర అన్నమాట. మారార్లు పుట్టుకతో చెండ వాద్యగాళ్ళు. గుడి ముందు మేళం వాళ్ళది. ఆ ఇంట్లో పుట్టి, చెండ వదిలేసి, పిస్టల్ పట్టిన మొదటివాడు ఇతనే. ఆ పేరు పెట్టింది మేజరే, కొంచెం ఎగతాళిగా.

మేజర్ టిఫిన్ డబ్బా తెరిచి రెండు చిన్న సీసాలు బల్ల మీద పెట్టాడు. రెండింట్లోనూ ఏవో గింజల్లాంటివి తేలుతున్నాయి. ఒక సీసాలోవి మిరియాలంత ఉన్నాయి. రెండోదాంట్లోవి ఆవగింజలంతే.

"ఏమిటివి సార్?"

"ఎలుకల గ్రంథులు. మూత్రపిండాల మీద టోపీల్లా కూచుంటాయి. మనకీ ఉంటాయి. ఒంటికి కష్టమొచ్చినప్పుడు నిలబెట్టే హార్మోను అవే తయారుచేస్తాయి. పెద్దవి మామూలు ఎలుకవి. చిన్నవి మంజలిన్ తిన్న ఎలుకవి."

మంజలిన్ సంగతి పేపర్లు చదివే వాళ్ళందరికీ తెలుసు. వయనాడ్ అడవి పసుపు దుంపలోంచి త్రిశూర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తీసిన పదార్థం. కీళ్ళవాతానికి మందు. ఎలుకల్లో పనిచేసింది, మనుషుల మీద పరీక్ష నడుస్తోంది, ఫలితాలు అద్భుతమని విదేశాల దాకా పాకింది.

"పసుపు తింటే ఈ గ్రంథులు ఎండిపోవు. ఎండిపోయేది ఒక్క స్టెరాయిడ్‌కే," అన్నాడు మేజర్. "బయట నుంచి హార్మోను దండిగా వచ్చిపడుతుంటే, గ్రంథి పని మానేసి నిద్రపోతుంది. అంటే ఎవడో మన మందులో స్టెరాయిడ్ కలుపుతున్నాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పనిచేసే నంబీశన్‌కి అనుమానమొచ్చింది. నాకు చూపించడానికి బయల్దేరి దారిలోనే పోయాడు."

"ఎవరు సార్?"

"మందులు కాజేసే హెలిక్స్ ముఠా. ఇక్కడ వాళ్ళ పెద్ద వెల్మర్. మట్టాంచేరిలో మిరియాల వ్యాపారిననే వేషం. వాడి మనిషి ఇన్‌స్టిట్యూట్ లోపలే ఉన్నాడు. ఎవరో కనుక్కో, వాళ్ళ ప్లానేమిటో కనుక్కో."

సేతు సీసాల వైపే చూస్తున్నాడు. "సార్, ఆ పరీక్షలో మా అన్న ఉన్నాడు."

"తెలుసు," అన్నాడు మేజర్. "అందుకే నిన్ను పిలిచాను."

* * *

పెరుంకావులో మారార్ల ఇంటి అరుగు మీద నీలకంఠ మారార్ చెండ వాయిస్తున్నాడు. సేతు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆ చప్పుడు విని నాలుగేళ్ళయింది.

నీలకంఠన్ చేతులు చచ్చుబడిన రోజులు అతనికి గుర్తే. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. పొద్దున్నే గంజి గిన్నె పట్టుకోలేక కింద పెట్టేసేవాడు. చిన్నప్పుడు రాయి మీద చింతకర్రలతో సేతుకి మొదటి దెబ్బ నేర్పిన చేతులవి. తమ్ముడు చెండ వదిలి పోతానంటే, "పో, ఇంట్లో ఒకడు వాయిస్తే చాల్లే" అని, అతని వాటా వరుసలో కూడా తనే నిలబడినవాడు. ఆ ఒక్కడూ వాయించలేకపోయిన నాలుగేళ్ళూ సేతు ఊరికి సరిగ్గా రాలేదు. చూడలేక రాలేదు. ఈ విషయం అతను ఎవరికీ చెప్పలేదు.

"ఏట్టా," అని పిలిచాడు. అన్నని అలాగే పిలుస్తాడు.

"ఒరే సేతూ! చూశావా వేళ్ళు? చూడు, చూడు! ఇది ముడుస్తా, ఇది తెరుస్తా." నీలకంఠన్ చిన్నపిల్లాడిలా రెండు చేతులూ ముందుకి చాపాడు. "శనివారం పూరం ఉత్సవంలో మేళం నడిపించే ప్రమాణి నేనే. ఫారిన్ నుంచి ఫోటోలవాళ్ళు కూడా వస్తున్నారట!"

ముఖం గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా నిండింది. ఇంట్లో వాళ్ళు అది చూసి మురిసిపోతున్నారు. మందు ఒంటబట్టిందనీ, రంగు తేలాడనీ పక్కింటివాళ్ళతో చెప్పుకుంటున్నారు. ఆ నిండుదనం స్టెరాయిడ్ తెచ్చిన ఉబ్బని సేతుకి ఇప్పుడు తెలుసు.

అరుగు చివర రావుణ్ణి నాయర్ కూచుని తాళాలు తుడుచుకుంటున్నాడు. మేళంలో నీలకంఠన్ వెనకే నిలబడి కంచు తాళం వేసే మనిషి. ముప్ఫై ఏళ్ళ జోడీ. సేతుకి మేనమామ వరస.

"అమ్మావన్, మీకూ పెళ్ళికొడుకు కళొచ్చిందే! బుగ్గలేమిటి అలా నిగనిగలాడుతున్నాయి?"

"మీ వదిన వండిపెడుతోంది, నేను మింగుతున్నాను," అన్నాడు రావుణ్ణి నాయర్ నవ్వుతూ. "నాకిప్పుడు పిల్ల దొరికితే కాదంటానా? మోకాళ్ళు కూడా పట్టు వదిలాయిరా. పూరమంతా నిలబడతా చూడు."

గంజి వచ్చింది. ఒకే గిన్నె, పైన పెసలు, ఒక అప్పడం. అన్న ఆ అప్పడాన్ని చూడకుండానే రెండు ముక్కలు చేసి ఒక ముక్క వెనక్కి ఇచ్చాడు. రావుణ్ణి నాయర్ చూడకుండానే అందుకున్నాడు. తమలపాకైనా అంతే, గుడి ప్రసాదమైనా అంతే. ముందు వరుసవాడికి వచ్చింది ఏదైనా సగం వెనక వరుసవాడిది. మేళం వాళ్ళ ఆనవాయితీ అది. సేతు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఇప్పుడు కొత్తగా చూడలేదు.

* * *

శనివారం పొద్దున ఇన్‌స్టిట్యూట్‌కి ఒక పాదరసం వ్యాపారి వచ్చాడు. నెరిసిన మీసం, కళ్ళజోడు, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు కర్రలో ట్రాన్స్‌మిటర్ ఉంది. మీసం కింద సేతు ఉన్నాడు.

ఎలుకల గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్ళాడు. బల్ల దగ్గర డాక్టర్ థ్రేసియా కురువిళ్ళ నిలబడి ఉంది. షిఫాన్ చీర, విదేశీ సెంటు, గదిలో కూడా నల్లకళ్ళద్దాలు. త్రిశూర్‌లో సగం మంది ఆమె కారు వైపు చూస్తారు, మిగతా సగం కారులో ఉన్న ఆమె వైపు చూస్తారు. నంబీశన్ ప్రియశిష్యురాలు.

ఆమె ఎలుకని గుడ్డలో చుట్టి పట్టుకుంది. వెనక పాదానికి, మడమ దగ్గర సిరాతో ఒక గీత గీసి ఉంది. ఆ గీత మునిగేదాకా పాదాన్ని పాదరసం గొట్టంలో ముంచింది. పాదం ఎంత వాచిందో తెలియడానికి, పాదరసం ఎంత పైకి లేచిందో చూసి పలకరింపుగా తలూపింది.

"ఏం కావాలి?"

"ఇటలీ పాదరసం తెచ్చాను మేడమ్," అన్నాడు సేతు. వెల్మర్ మనుషుల మధ్య నడిచే కోడ్ అది. రేడియోలో పట్టుబడింది.

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "నాకు స్పెయిన్‌దే పడుతుంది."

జవాబు సరిపోయింది. నంబీశన్‌కి వెన్నుపోటు పొడిచింది ఆయన శిష్యురాలే. సేతు గొడుగు పిడి మీద వేలు బిగించాడు.

"పిడి వదలండి," అంది ఆమె. "మీరు వెల్మర్ మనిషి కాదు. వాళ్ళెవరూ ఎలుకల గదికి చెప్పులు విడిచి రారు. మీరు నంబీశన్ సార్ వైపు మనిషి."

కళ్ళద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఆయన్ని చంపుతారని నాకు తెలీదు. పొడిలో స్టెరాయిడ్ కలపమన్నారు, కలిపాను. జెనీవాలో ల్యాబ్ ఇస్తామన్నారు, ఆశపడ్డాను. మందు నకిలీదని తేలితే ఇన్‌స్టిట్యూట్ పేరు పోతుంది, అంతే కదా అనుకున్నాను. ప్రాణాలు తీస్తారని అనుకోలేదు."

"అసలు మందులో ఏమీ లేదా?"

"ఉంది! అదే కదా నా ఏడుపు." ఎలుక పాదం చూపించింది. "సముద్రపు నాచు జిగురు ఈ పాదంలోకి ఎక్కిస్తాం. వాస్తుంది. వాపంటే ఒళ్ళు మోగించుకునే గంట. కణాలు ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం వదిలితే ఆ గంట మోగుతుంది. ఆస్పిరిన్ ఆ రసాయనం తయారవకుండా అడ్డుకుంటుంది. మంజలిన్ కూడా అంతే, కాకపోతే నెమ్మదిగా, నిజాయితీగా. మూడోవంతు వాపు తగ్గిస్తుంది. స్టెరాయిడ్ అయితే గంట కట్టిన గోపురాన్నే మూసేస్తుంది. చప్పుడే ఉండదు. జనానికి అది అద్భుతంలా కనిపిస్తుంది."

"ఇప్పుడు ప్లానేమిటి?"

"పోయిన ఆదివారం నుంచి పొట్లాల్లో స్టెరాయిడ్ ఆపేయించారు."

"ఆపితే మంచిదే కదా?"

"అందరూ అలాగే అనుకుంటారు. మెల్లమెల్లగా తగ్గించాలి. నెలల తరబడి ఇచ్చి ఒక్కసారిగా ఆపితే, నిద్రపోయిన గ్రంథి లేవదు. ఒంట్లో హార్మోను ఉండదు. మంచం మీద పడుకున్నవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. ఎండలో గంటలకొద్దీ నిలబడి చెండ వాయించేవాడికి రక్తపోటు పడిపోతుంది, గుండె ఆగిపోతుంది. ఫారిన్ ఫోటోగ్రాఫర్లని పిలిచింది వెల్మరే. కీళ్ళవాతం తగ్గిన మనిషి కెమెరాల ముందు చచ్చిపడితే, మంజలిన్ పేరు ప్రపంచంలో ఎవరూ ఎత్తరు. రెండేళ్ళాగి వాళ్ళే వేరే పేరుతో పేటెంట్ తీసుకుంటారు."

"ఆయన పడకపోతే?"

"పడేలా చూడ్డానికి మేళంలో ఒక మనిషిని పెట్టారు. ఎవరో నాకు చెప్పలేదు." ఆమె సొరుగు తెరిచి రెండు ఆంప్యూల్స్, సూదిమందు నింపిన చిన్న గాజు బుడ్లు, తీసింది. "హైడ్రోకార్టిసోన్. ఒంట్లో కరువైన హార్మోను ఇదే. తొడకి గుచ్చితే చాలు, ప్రాణం నిలుస్తుంది."

"రెండెందుకు?"

"ఎప్పుడూ రెండుంచుకోమని సార్ చెప్పేవారు."

సేతు గొడుగు పిడి తిప్పి మేజర్‌తో మాట్లాడాడు. అటునుంచి గొంతు మొరటుగా వచ్చింది.

"హాస్పిటల్‌కి డాక్టర్లని పంపుతున్నా. పరీక్షలో ఉన్న వాళ్ళందరికీ సూదులు పడతాయి. కానీ అక్కడి స్టాకు వార్డుకే సరిపోతుంది, మీ అన్నకి మిగలదు. కొచ్చి నుంచి వ్యాన్ సాయంత్రానికి గానీ రాదు. ఆవిడిచ్చిన సూది గుచ్చుతావా మీ అన్నకి? నిన్నటిదాకా వెల్మర్ మనిషి, అందులో విషం ఉంటే?"

సేతు ఆంప్యూల్ ఒకటి వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఒకటి మన త్రిశూర్ కెమిస్టుకిచ్చి పో. ఫలితం నీ చెవిలో చెబుతా. మంచిదైతే 'చెంపట' అంటాను. విషమైతే 'అడంత'. రెండూ మీ మేళం తాళాలే. నేను చెప్పేదాకా గుచ్చకు. ఆవిణ్ణి మనవాళ్ళ జీపులో నీ వెనకే పంపుతా."

మేజర్ కుర్చీలో తనే ఉన్నా సేతు అదే ఆజ్ఞ ఇచ్చేవాడు. అతను ఒక ఆంప్యూల్ పక్కకి తీసి కాగితంలో చుట్టాడు.

"నన్ను నమ్మడం లేదు," అంది థ్రేసియా.

"నమ్మకం నా ఉద్యోగంలో లేదు మేడమ్."

"నా ఉద్యోగంలోనూ లేదు. ఏ ఎలుకకి ఏ మందు పడిందో కొలిచేవాళ్ళకి చెప్పరు, తెలిస్తే కన్ను మోసం చేస్తుందని. కానీ ప్రాణం మీదికొస్తే మాత్రం..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు. ఎలుకని జాగ్రత్తగా పంజరంలో పెట్టేసింది.

* * *

సేతు పెరుంకావు చేరేసరికి మేళం నాలుగో కాలంలో, ఆఖరి వేగానికి ఒక్క మెట్టు కింద ఉంది. ఏనుగుల వరుస ముందు జనం చేతులెత్తి తాళానికి ఊగుతున్నారు. ఒకసారి మొదలయ్యాక ప్రమాణి చెయ్యి ఆపించడం దేవుడి తరం కూడా కాదు. పైగా అన్న వరుస వదిలి బయటికొస్తే, ఆ తెలియని మనిషి ముందే పని కానిచ్చేస్తాడు.

మీసం పీకేసి, ముండు పంచె బిగించి కట్టి, చిన్నాన్న కొడుకు భుజం మీంచి చెండ తీసుకుని సేతు రెండో వరుసలోకి దూరాడు. వేషాలు ఎన్నో వేశాడు గానీ, ఇంత సులువుగా అతికిన వేషం ఇదొక్కటే. ఇది తను పుట్టిన వేషం. కుడి చెవిలో పత్తి ఉండంత రిసీవర్. చేతిలోని కోల లోపల డొల్ల. అందులో సూది, సూదిలో థ్రేసియా ఇచ్చిన మందు. చేతులు తాళం మరిచిపోలేదు. అతనికి ఏడుపొచ్చింది.

నీలకంఠన్ వీపు చెమటతో తడిసిపోయింది. పెదాలు పాలిపోయాయి. మధ్యమధ్య కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా దెబ్బ తప్పడం లేదు. వెనకే రావుణ్ణి నాయర్ తాళం గలగలమంటోంది.

"ఏట్టా," అన్నాడు సేతు చెండ మీంచి వంగి.

నీలకంఠన్ తల తిప్పి చూశాడు. తమ్ముడి భుజాన చెండ కనిపించింది. ఆ ముఖంలో వెలిగిన సంతోషాన్ని సేతు తర్వాత ఎన్నేళ్ళు గడిచినా మరవలేకపోయాడు.

"వచ్చావురా!" అన్నాడు అన్న. "అయిదో కాలం పట్టు. ఇద్దరం కలిసి."

వేగం పెరిగింది. సేతు కళ్ళు ఎదురు వరుసని వెతుకుతున్నాయి. కొమ్ములు ఊదేవాళ్ళు అక్కడ వరుసగా నిలబడ్డారు. వంకీ తిరిగిన ఇత్తడి కొమ్ములు ఒక్కసారిగా ఆకాశంలోకి లేస్తున్నాయి, ఒక్కసారిగా దిగుతున్నాయి. ఊదినప్పుడల్లా అందరి బుగ్గలూ నిమ్మకాయల్లా ఉబ్బుతున్నాయి. చివరివాడి బుగ్గలు మాత్రం చదునుగానే ఉన్నాయి.

వాడు ఊదడం లేదు.

చెవిలో ఏమీ లేదు, గరగర తప్ప. నీలకంఠన్ ఎడమ చేతి కోల జారింది. పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. మోకాళ్ళు మెల్లగా వంగుతున్నాయి. ఫోటోగ్రాఫర్లు కెమెరాలెత్తారు. చెప్పండి సార్, చెప్పండి, అని సేతు లోపల మొక్కుతున్నాడు. చివరివాడు కొమ్ము దించాడు. కొమ్ములన్నీ పైకి లేచే చోట వాడిది ఒక్కటే దిగింది. దాని నోరు నేరుగా నీలకంఠన్ గుండెకి గురిపెట్టి ఉంది.

"చెంపట," అంది చెవిలో గొంతు. "సేతూ, చెంపట! మంచి మందే!"

సేతు ఎడమ చేతి కోల విసిరాడు. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టిన విసురు అది. కోల వెళ్ళి వాడి మణికట్టుకి తగిలింది. కొమ్ములోని స్ప్రింగ్ పిస్టల్ టక్కుమంది. విషపు ముల్లు దారి తప్పి ఏనుగు ముందున్న తాటాకుల మోపులో దిగబడింది. ఏనుగు దాన్ని పట్టించుకోలేదు. మఫ్టీలో ఉన్న మేజర్ మనుషులు వాడి మీద పడ్డారు. అదే ఊపులో సేతు కుడిచేతి కోల విప్పి, సూదిని ముండు మీంచే అన్న తొడలో దింపాడు.

"ఏంట్రా అది?"

"దోమ, ఏట్టా. కూచో. ఇక కూచో."

నీలకంఠన్ కూచున్నాడు. మేళం మాత్రం ఆగలేదు. పక్కవాళ్ళు అందుకున్నారు. ముగింపు దెబ్బ పడింది. జనం కేకలతో ఆకాశం దద్దరిల్లింది. అన్న మణికట్టు పట్టుకున్న సేతు వేళ్ళకింద నాడి తేరుకుంటోంది.

"శభాష్," అంటోంది చెవిలో గొంతు. "వెల్మర్‌ని హార్బర్లో పట్టుకున్నాం. వార్డులో అందరూ క్షేమం. ఒక్క ప్రాణం పోలేదు!"

అప్పుడు వెనకనుంచి కంచు తాళం ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. నేల మీద గిరగిరా తిరిగి, సేతు కాలి దగ్గర చప్పుడు లేకుండా ఆగింది.

రావుణ్ణి నాయర్ వెల్లకిలా పడి ఉన్నాడు.

జీపులోంచి థ్రేసియా పరిగెత్తుకొచ్చింది. కానిస్టేబుల్ ఆపబోతే తోసేసింది. మోకాళ్ళ మీద కూచుని నాడి చూసింది. తర్వాత ఆ ముఖం చూసింది. ఆ నిండు బుగ్గలు.

"ఈయన పరీక్షలో లేరే! ఈయనకెవరిచ్చారు మందు?"

నీలకంఠన్ నేల మీద నుంచే చెయ్యి చాపాడు. "నేనే. రాత్రి పొట్లం నేనే ఇచ్చేవాణ్ణి. మోకాళ్ళ నొప్పి కదా వాడికి. డాక్టర్లు ముసలాడు పనికిరాడని పేరు రాసుకోలేదు. నేనొక్కణ్ణే ఎలా తింటాను? ఎప్పుడు తిన్నాను గనక?"

"రెండో ఆంప్యూల్ ఇవ్వండి!" థ్రేసియా సేతు వైపు చెయ్యి చాపింది. "త్వరగా! రెండోది!"

సేతు ఆ చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెకి అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

జీపు త్రిశూర్ దారి పట్టింది. వెనక సీట్లో రావుణ్ణి నాయర్ తల నీలకంఠన్ ఒళ్ళో ఉంది. సగం దారిలో ఆయన ఒకసారి కళ్ళు తెరిచి, "అయిదో కాలం బాగా పడింది కదూ?" అన్నాడు.

"బాగా పడిందిరా," అన్నాడు నీలకంఠన్.

హాస్పిటల్ గేటు కనిపించేసరికే ఆయన పోయాడు.

* * *

థ్రేసియా నేరం ఒప్పుకుంది. జైలుకి వెళ్ళే ముందు ఒక్క కోరిక కోరింది. స్టెరాయిడ్ లేని మంజలిన్‌ని మళ్ళీ మొదటినుంచి పరీక్షించమంది. పరీక్షించారు. మూడోవంతు వాపు తగ్గింది. పేపర్లలో చిన్న అక్షరాల్లో వేశారు. అద్భుతం కానిదానికి అంతకంటే పెద్ద అక్షరాలు ఎవరూ వాడరు.

త్రిశూర్ కెమిస్టు రిపోర్టు కూడా పద్ధతి ప్రకారం సేతుకి వచ్చింది. "శాంపిల్ స్వచ్ఛమైనది. పరీక్షకే పూర్తిగా ఖర్చయింది" అని ఉంది. మేజర్ మాత్రం తన రిపోర్టులో నష్టం ఏమీ లేదని రాశాడు. అబద్ధమేమీ కాదు. పరీక్షలో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

వానలు మొదలయ్యాక సేతు పెరుంకావు వెళ్ళాడు. అన్న ముఖం పాత కొలతకి వచ్చేసింది. వేళ్ళ కణుపులు మళ్ళీ ఉబ్బాయి. ఇంట్లో వాళ్ళు చిక్కిపోయాడని బాధపడుతున్నారు. చెండ అటక మీదికెక్కింది. గోడకి రెండు కంచు తాళాలు వేలాడుతున్నాయి.

"నిజమైన పొడే కదా ఇప్పుడు ఇస్తున్నది?" అన్నాడు నీలకంఠన్.

"నిజమైనదే, ఏట్టా."

"పర్వాలేదురా. గంజి గిన్నె పట్టుకోగలుగుతున్నా." వంకర వేళ్ళతో పొట్లం విప్పాడు. పసుపుపచ్చ పొడిని అరచేతిలో పోసుకుని, చూడకుండానే వేలితో రెండు సగాలు చేశాడు. ఒక సగం కాగితంలోకి ఒంపి భుజం మీదుగా వెనక్కి చాపాడు.

వెనక ఎవరూ లేరు. చెయ్యి అలాగే ఉండిపోయింది. వాన అరుగు అంచుమీదికి కొడుతోంది.

"ఆ రోజు బుగ్గలు చూడ్డమే నా పని, ఏట్టా," అన్నాడు సేతు. "కొమ్ము ఊదేవాడివి చూశాను. అమ్మావన్‌వి చూసి నవ్వాను."

నీలకంఠన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సేతు లేచి వెళ్ళి అన్న వెనక, తాళం వేసేవాడు కూచునే చోట కూచున్నాడు. కాగితం అందుకున్నాడు.

"నీకేం నొప్పిరా?"

"ఉందిలే, ఏట్టా," అని సేతు పొడి నోట్లో పోసుకున్నాడు. ఏజెంట్ 'కోల' సర్వీసులో చేతికొచ్చిన మందుని టెస్టుకి పంపకుండా మింగడం అదే మొదటిసారి.